ఐదడుగుల ఆరంగుళాల ఊపిరి

రౌండు చూసుకుని వస్తానమ్మా, ఈలోగా బాగా గుర్తు చేసుకుని చెప్పండి, అనేసి వెంటిలేటర్ చూసే టెక్నీషియన్ ఐసీయూ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తలుపుకి రెండు రెక్కలు. ఎవరు లోపలికి వెళ్ళినా అవి కాసేపు ముందుకీ వెనక్కీ ఊగి, ఇక చాల్లే అన్నట్టు ఆగిపోతాయి. అవి ఆగేదాకా ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. గుర్తు చేసుకోమన్నాడు కదా, చేసుకోవాలి. ఏమిటి? మొగుడి ఎత్తు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కాపురం చేసిన దాన్ని పట్టుకుని మీ ఆయన ఎత్తెంతమ్మా అంటే ఠక్కున చెప్పాలి, తడుముకోకూడదు. నిన్న తడుముకోలేదు కూడా. చేర్చుకునే చోట బల్ల వెనక పిల్ల అడగ్గానే వదిన, అంటే ఆయన అక్కగారు, ఐదడుగుల ఆరంగుళాలు అంది. ఆమె పక్కన నిలబడి తలూపింది. ఆ అంకె విన్నప్పుడల్లా తలూపడం ఆమె మెడకి అలవాటే, మనిషి లేకపోయినా మెడ ఒక్కటే ఊపగలదు. బల్ల వెనక పిల్ల ఆ అంకె రాసుకుంది, ఎవరో దాన్ని మిషనుకి చెప్పారు, నిన్న సాయంత్రం నుంచి ఆ మిషను ఐదడుగుల ఆరంగుళాల మనిషికి సరిపడా గాలిని ఆయన ఛాతీలోకి తోస్తోంది.

మనిషి ఎత్తుతో ఊపిరికేం పని అని ఆమె అడగలేదు గానీ టెక్నీషియన్ తనే చెప్పాడు. నడివయసు మనిషి, బట్టతల, మెడలో దర్జీలా టేపు వేసుకున్నాడు. లావెక్కితే పొట్ట పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవట, అవి మనిషి ఎత్తుని బట్టే ఉంటాయట. అందుకే ఎత్తు చూసి, ఒక్కో ఊపిరికి ఇంత గాలి అని మిషనుకి చెప్తారట. ఈయన ఊపిరితిత్తులు నిమ్ము చేసి బిగుసుకుపోయాయి, గాలి లోపలికి వెళ్ళినప్పుడల్లా ఒత్తిడి ఎక్కువ చూపిస్తూ మిషను కూస్తోంది. మందులు మార్చారు, గొట్టం సర్దారు, కూత ఆగలేదు. అప్పుడు అతనికి అనుమానం వచ్చి టేపు తీశాడట. పడుకున్న మనిషిని తల నుంచి మడమ దాకా కొలుద్దామంటే తలవైపు మంచం దించకూడదు, మోకాళ్ళు చాపితే చాపుకోవు. ఇలాంటప్పుడు మోచేతి కొస నుంచి మణికట్టు పక్కన పొడుచుకొచ్చే ఎముక దాకా కొలుస్తారట, ఆ ఎముక పొడుగుని బట్టి మనిషి ఎత్తు ఇంత ఉంటుందని లెక్క ఉందట. కుడిచెయ్యి కదలకుండా పలకకట్టు, సెలైన్ సూదులూ, దాన్ని కొలవడానికి లేదు. ఎడంచెయ్యి కొలిస్తే ఐదు మూడు దగ్గర తేలింది. అయితే ఆ చెయ్యి ఎప్పుడో విరిగి అతుక్కున్నట్టు కొంచెం వంకరగా ఉంది, దాన్ని నమ్మడానికి లేదు. అందుకని బయటికొచ్చి అడిగాడు, మీరు చెప్పిందే ఖాయమా అమ్మా అని.

"ఖాయమే. గోడ మీంచి పడ్డాడు చిన్నప్పుడు. ఆ చెయ్యి అందుకే పొట్టి," అంది వదిన, ఆమె నోరు తెరిచేలోపే.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికింది, ఎందుకంటే సగం నిజమే, ఆయన గోడ మీంచి పడ్డం నిజం, చెయ్యి విరగడం నిజం. టెక్నీషియన్ వదిన వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు. ఎక్కువైతే ఏమవుతుందండీ అని ఆమె అడిగింది. ఎక్కువైతే ఊపిరితిత్తులు సాగిపోయి ఇంకా దెబ్బ తింటాయి, తక్కువైతే చాలినంత అందదు, అందుకే తల్లీ అడుగుతున్నది, అన్నాడు. ఆ మాట విని ఆమెకు గుండె ఝల్లుమనాలి. అనలేదు. చీమ కుట్టినట్టయినా లేదు. నిన్నటి నుంచి ఇంతే, ఎవరేం చెప్పినా పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, తనదే కానీ తనది కానట్టు, అలా ఉంది ఒళ్ళంతా. భయం వెయ్యనందుకు మాత్రం కాస్త సిగ్గేసింది.

ఎదురుగా గోడకి చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు. బొమ్మకో రకంగా రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి, మనుషులు లేరు, మణికట్ల దాకా చేతులే. ఆ మూల కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, కూర్చునే నిద్రపోతున్నాడు, కూర్చున్న మనిషి ఎత్తు ఎవడు చెప్పగలడు. లోపల మంచం మీదున్న ఈయన కూడా కూర్చుంటే మహారాజు. నడుం పైన పొడుగు, నడుం కింద పొట్టి, దేవుడు కింద గుడ్డ చాలక సర్దేసినట్టు. అందుకే కాబోలు జీవితమంతా కూర్చునే పని చూసుకున్నాడు, డ్రైవింగు నేర్పే స్కూల్లో. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ మాస్టారని పిలిచేవాళ్ళు. పక్క సీట్లో నిటారుగా కూర్చుని, నడిపేవాడి తల మీంచి అద్దంలోకి చూస్తూ, క్లచ్చు నాయనా క్లచ్చు, అనేవాడు. పాఠం అయిపోయి కారు దిగి నిలబడ్డాక కొత్తగా చేరిన వాళ్ళు ఒక్క క్షణం ఆయన్ని వెతుక్కునేవాళ్ళు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఆయనకి తెలుసు. అందుకని రానురాను చివరి పాఠం దాకా వాళ్ళ ముందు దిగడం మానేశాడు, మీరు వెళ్ళండి నేను బండి చూసుకోవాలి, అనేవాడు.

పెళ్ళిచూపుల్లో ఆమె మొదటిసారి చూసినప్పుడూ కూర్చునే ఉన్నాడు. ఆమె వైపు వాళ్ళొచ్చారు, ఆయన వైపు వాళ్ళొచ్చారు, మాటలయ్యాయి, ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఎంత నిదానం, ఎంత నిబ్బరం, నిమ్మకు నీరెత్తినట్టున్నాడు కుర్రాడు, అని ఆమె నాన్న మెచ్చుకున్నాడు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వీళ్ళ పెళ్ళికి రెండే సరిపోయాయి. మా తమ్ముడు ఐదడుగుల ఆరంగుళాలు అని అటువైపు నుంచి వదిన. మా అమ్మాయి ఐదు నాలుగు ఉంటుందేమో, సరిగ్గా కొలవలేదు, అని ఇటువైపు నుంచి నాన్న. కొలవకపోవడమేమిటి, బడిలో ఏటా గోడకి నిలబెట్టి కొలిచేవాళ్ళు, తాడిలా పెరిగిపోతోంది దీనికి మొగుణ్ణెక్కడ తేవాలి అని నాన్నే దిగులు పడేవాడు. ఐదు ఆరు ఆమె ఎత్తు. వదిన గాల్లోంచి తీసి తమ్ముడికి తొడిగిన అంకె సరిగ్గా ఆమెది. అంటే నిన్నటి నుంచి ఆ మిషను ఆయనకి ఇస్తున్నది ఎవరి కొలత? ఈ సంగతి ఇప్పుడే తట్టింది ఆమెకి, తట్టినా నవ్వు రాలేదు. ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చేది, ఆయనకి చెప్పే వీలుంటే ఆయనా నవ్వేవాడేమో. లేదు, నవ్వడు. ఈ ఒక్క విషయంలో ఆయన నవ్వగా చూడలేదు.

పెళ్ళయిన వారానికి ఆయన బూట్లు ఎండలో పెడుతూ చూసింది, లోపల మడమ కింద తోలు మీద తోలు, తోలు మీద తోలు. ఏమీ అనకుండా మళ్ళీ సర్దేసింది. తర్వాత ఆమె ఎత్తు మడమ చెప్పులు మానేసింది. దాని తర్వాత భుజాలు దించడం నేర్చుకుంది, మెడ కాస్త ముందుకి, మోకాలు ఒక పిసరు వదులుగా. ఒక్కరోజులో వచ్చే విద్య కాదది. బజారులో ఆయన పక్కన నడుస్తూ దుకాణాల అద్దాల్లో ఇద్దర్నీ చూసుకుని సర్దుకునేది, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ చాలు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు, వదిన కూడా. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెది వచ్చినవాళ్ళ ముఖానికి ఫ్రేములు పెట్టి చూసే పని. పదేళ్ళు పోయాక వీపు గుండ్రమైపోతే అందరూ పాపం వంగి వంగి అలా అయిందన్నారు. దుకాణం యజమాని మంచివాడు, నొచ్చుకుని ఆమె కోసం ఎత్తు స్టూలు కూడా కొన్నాడు. ఆమె దాని మీద కూర్చుని పని చేసింది. వంటింట్లో పై అరలో డబ్బా కావాలంటే ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ అందనట్టే ఉండేది. ఆయన ముక్కాలిపీట లాక్కొచ్చి, ఎక్కి, తీసి, చేతిలో పెట్టేవాడు. ఇదిగో, అనేవాడు. ఆయన పనిలోకి వెళ్ళాక ఆ డబ్బా ఒంటిచేత్తో తీసుకునేది, ఒంటిచేత్తో పెట్టేసేది. ఇద్దరికీ తెలుసు. పొడుగువాళ్ళకి బుర్ర మోకాళ్ళలో ఉంటుందంటారు గానీ ఆమెకు అంత తెలివితక్కువేం లేదు, ఆయనకి తెలుసని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆ తెలియడం ఇంట్లో ఇంకో మనిషిలా తిరుగుతూ ఉండేది, దానికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు.

ఒక్కసారి మాత్రం. ఎప్పుడు? వాన. బస్సు దిగి నడుస్తున్నారు, ఒకే గొడుగు. గొడుగెప్పుడూ ఆయనే పట్టుకునేవాడు, చెయ్యి పైకెత్తి పట్టుకునేవాడు, అయినా ఊచలు ఆమె జుట్టుకి తగులుకునేవి, ఆమె ఇంకాస్త వంగేది. ఆవేళ ఈదురుగాలి. చెయ్యెత్తి ఎత్తి ఆయన భుజం పీక్కుపోతోందని తెలుస్తూనే ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగి, ఆమె ముఖం కాకుండా వానలోకి చూస్తూ, గొడుగు ఆమె వైపు చాపాడు.

"నువ్వు పట్టుకో. నీకైతే వీలుగా ఉంటుంది."

అంతే అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో అంత పెద్ద మాట ఇంకోటి అనలేదు. ఆమె పట్టుకుని ఉంటే? నిటారుగా నిలబడి, చెయ్యి హాయిగా వంచి పట్టుకుని, ఇద్దరి మీదా గొడుగు సమంగా పెట్టి నడిచి ఉంటే ఏమయ్యేది, ఆకాశం విరిగి పడేదా? నా చెయ్యి నొప్పిగా ఉందండీ, అంది. ఎందుకంది? ఆయన చిన్నబుచ్చుకుంటాడనా, లేక వంగడం మానేస్తే తనేం చెయ్యాలో తెలియకనా? ఆయన సరే అని మళ్ళీ ఎత్తి పట్టుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి ఇద్దరూ చెరోవైపు తడిశారు. ఆ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తనివ్వలేదు. అది తన తప్పే అని ఇప్పుడు అనిపిస్తోంది, అనిపించడం కూడా దూరంగా, పక్కింట్లో రేడియోలాగా.

తలుపు రెక్కలు ఊగాయి. టెక్నీషియన్ కాదు, నర్సు. ఊగుతున్న సందులోంచి కూత వినపడింది, ఆయన మిషనే అయ్యుంటుంది, ఆ కూత ఆమెకి గుర్తే. రెక్కలు మూసుకోగానే ఆగింది. ఆగిందా, వినపడటం మానేసిందా? వినపడకపోతే లేనట్టు కాదు. లేచింది. లేవాలని అనుకోలేదు, కాళ్ళే లేచాయి. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. వదిన వయసులో పెద్దది, తల్లి పోయిన ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి, ఆవిడ మాటకి ఇన్నేళ్ళలో ఈమె ఎదురు చెప్పింది లేదు. ఎక్కడికి అంది వదిన. నిజం చెప్పొస్తాను వదినా, అంది ఆమె. వదిన చెయ్యి వదల్లేదు. నిద్రపోతున్నాయన లేస్తాడేమోనన్నట్టు గొంతు తగ్గించి, నేలకేసి చూస్తూ చెప్పింది.

"ఏడాదికోసారి వాణ్ణి గుమ్మం చెక్కకి నిలబెట్టి పెన్సిలుతో గీత గీసేదాన్ని. పెరిగానా అక్కా అని అడిగేవాడు. నాన్న చూస్తే పొట్టోడా అనే పిలిచేవాడు, అన్నం పెట్టేటప్పుడు కూడా. నేను పెరగలేదురా అని ఎలా చెప్పను? తల మీద ఒక వేలు పైకి గీసేదాన్ని. ఒక్కో ఏడూ ఒక్కో వేలు. నమ్మేవాడు. వెళ్ళి చూసుకుని మురిసిపోయేవాడు."

 వదిన ముక్కు చీదుకుని, రుమాలు కోసం కాదు, ఆమె చెయ్యి వదలడం కోసం సాకు వెతుక్కున్నట్టు సంచీలో ఏదో తడుముకుంది. మందిచ్చి పడుకోబెట్టినా చెవులు పనిచేస్తాయంటారు, అంది. చెప్తే చెప్పు గానీ, వాడికి వినపడేలా మాత్రం అనకమ్మా, అంది.

టెక్నీషియన్ లోపల మంచం దగ్గరే ఉన్నాడు. కాళ్ళకి గుడ్డ తొడుగులు వేసుకుని, చేతులు రుద్దుకుని వెళ్ళింది ఆమె. ఆయన ముఖం గొట్టాల కింద చిన్నదైపోయింది. ఛాతీ మాత్రం పెద్దది, మిషను తోసినప్పుడల్లా ఎగసిపడుతోంది, ఎవరో లోపల్నుంచి తలుపు తోస్తున్నట్టు, తోసినప్పుడల్లా కూత. దుప్పటి చివర పాదాలు బయటికున్నాయి, బూట్లు లేకుండా. పగలు పూట ఇంతమంది మధ్య ఆ పాదాలు అలా ఉండటం చూస్తే ఆమెకు కప్పాలనిపించింది. కప్పింది. టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళి, మంచానికి వీపు పెట్టి, పెదవులు సరిగా కదపకుండా, ఐదు ఆరు కాదండీ, అంది. అతను ఆశ్చర్యపోలేదు, గొంతు కూడా పెంచలేదు, అతను పెంచనందుకు ఆమెకు అతని మీద అభిమానం కలిగింది. మరి ఎంత, అని అడిగాడు. తెలీదు, అంది. నిజంగానే తెలీదు. ఎవరూ ఎప్పుడూ కొలవలేదు, గుమ్మం చెక్క మీద గీతలు కూడా వేళ్ళు కలిపినవే. అయినా మీ పక్కన నిలబడితే ఎక్కడిదాకా వస్తారో చెప్పగలరు కదా, అన్నాడు అతను. చెవి దాకానా, కనుబొమ దాకానా? చెప్పగలను, అంది. అయితే ఆ గోడకి ఆనుకుని నిటారుగా నిలబడండి, ఎక్కడికొస్తారో చెయ్యి పెట్టి చూపిస్తే నేల నుంచి అక్కడికి కొలుస్తాను, ఆ చేతి లెక్కకి ఇది తోడుంటే నాకు చాలు, అన్నాడు.

ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. గోడ చల్లగా ఉంది. మడమలు ఆనాయి, నడుం ఆనింది, తల ఆనలేదు. చేతులు పైకి లేవలేదు. అతను టేపు పట్టుకుని కాసుకుని ఉన్నాడు. చూపించండమ్మా, అన్నాడు.

"నిటారుగా నిలబడితే ఆయన ఎక్కడికొస్తారో నాకు తెలీదండీ. ఆయన పక్కన నేనెప్పుడూ నిటారుగా నిలబడలేదు."

అని గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేసి, రోజూ నిలబడేలా నిలబడింది. భుజాలు వాటంతటవే దిగాయి, మెడ ముందుకొచ్చింది, మోకాళ్ళు ఒక పిసరు వదులయ్యాయి. పక్కన ఆయన లేడు, అయినా ఒళ్ళు ఆయనకే సర్దుకుంది. సర్దుకోవడం పూర్తయ్యాక, నన్ను కొలవండి, అంది.

"ఇలా నిలబడితే ఇద్దరం సమానం. వెంట్రుకవాసి తేడా ఉండదు."

అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత వంగి టేపు కొసని బూటుతో నేలకి నొక్కి, ఆమె వీపు పక్కగా పైకి లాగి, నడినెత్తి మీద అరచెయ్యి చదునుగా ఆనించాడు. ఎవరైనా తల మీద చెయ్యి పెట్టి ఎన్నాళ్ళయిందో. ఐదు మూడు, ఒక పిసరు తక్కువ, అన్నాడు మెల్లగా, ఆయనకి వినపడనంత మెల్లగా. చేతి లెక్కకి సరిపోయింది. డాక్టరుకి ఫోన్లో ఒక మాట చెప్పి, అటునుంచి సరేననగానే మిషను వైపు తిరిగాడు. తిరుగుతూ, అయిందమ్మా, ఇక మామూలుగా నిలబడండి, అన్నాడు. ఆమె మామూలుగానే నిలబడి ఉంది.

తెర మీద అంకె మారింది. తర్వాతి ఊపిరికి మిషను కూసింది, ఆ తర్వాతి దానికీ కూసింది, దాని తర్వాత మానేసింది. తలుపు అద్దంలోంచి వదిన ముఖం చూస్తోంది. ఆయన ఛాతీ ఎగసిపడటం లేదు, కొంచెం లేచి కొంచెం దిగుతోంది, చిన్న ఊపిరి, ఆయనది. ఆమె అప్పుడు ఏడ్చింది, చప్పుడు కాకుండా, మంచం ఊచ పట్టుకుని, ఆ ఊపిరి దిగి మళ్ళీ లేచేదాకా చూస్తూ.